చెంచురామయ్య కసరత్తు

చైనాతో యుద్ధం జరిగిన ఏడు, నాట్ల రోజుల్లో, ఇందుకూరుపేట చెంచురామయ్యను పొలం గట్టు మీద రక్తపింజర కరిచింది. నెల్లూరు ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ విషం మూత్రపిండాల మీద పడింది. ఒళ్ళంతా వాచి, ఒంటేలు ఆగిపోయింది. అది మళ్ళీ కదిలిన రోజు ఆయన భార్య ఆదిశేషమ్మ వార్డంతా అరటిపండ్లు పంచింది. ఒంటేలుకు పండ్లు పంచిన ఇల్లాలు జిల్లాలో ఇంకొకతె ఉండదు.

ఇక మిగిలినవి కాళ్ళు. వారాల తరబడి పడుకోవడంతో పుల్లల్లా తయారయ్యాయి. నర్సు మగ్దలీనమ్మ రోజూ వచ్చి మోకాళ్ళు ముడిచి చాపమనేది, మంచం పట్టుకుని లేచి నిలబడమనేది. ఆదిశేషమ్మకు ఒళ్ళు మండేది. చావు తప్పి బయటపడ్డ మనిషి చేత బస్కీలు తీయిస్తారా? నర్సు అటు తిరగ్గానే మొగుణ్ణి పడుకోబెట్టి దుప్పటి కప్పేసేది. ఆయన సంగతి చెప్పాలా, పడుకోమంటే వద్దనే రకమా! ఆయన ఏడుపంతా తిండి గురించే. ఉప్పు ముట్టనివ్వరు, ఆ చప్పిడి కూడు గొడ్లు కూడా తినవని పొద్దస్తమానం సణుగుడు.

ఒకరోజు మగ్దలీనమ్మ ఆ దుప్పటి లాగి పారేసింది.

"నువ్వు ఇట్టా ముద్దు చేస్తే ఆయన్ని మంచంతోనే ఇంటికి మోసుకుపోవాలమ్మా. విషం పోయింది. ఇప్పుడు ఆ కాళ్ళను చంపతా ఉండేది నువ్వే," అన్నది.

ఆదిశేషమ్మకు గుండెల్లో రాయి పడింది. అప్పటినుంచి తానే రెక్క పట్టుకుని నడిపించబోయింది. ఆయన వరండా దాకా వచ్చి, అమ్మో అయ్యో అని కూలబడేవాడు. ఇక ఈ మనిషి నడవడేమోనని ఆమె బావి దగ్గర బట్టలుతుకుతూ ఏడ్చుకునేది.

ఒక మధ్యాహ్నం ఉతికిన బట్టలతో తిరిగొస్తే మంచం ఖాళీ. ఆ వార్డులో మంచాలు ఎందుకు ఖాళీ అవుతాయో ఆమె కళ్ళారా చూసింది. బట్టలు జారవిడిచి లబోదిబోమంది. మగ్దలీనమ్మ పరుగెత్తుకొచ్చింది. పక్క మంచం ముసలాయన తాపీగా గేటు వైపు చెయ్యి చూపించాడు.

రోడ్డుకు అవతల కాఫీ హోటల్లో కూర్చుని ఉన్నాడు చెంచురామయ్య. కర్ర లేదు, తోడు లేదు, తన కాళ్ళ మీద తానే వచ్చాడు. ముందు ఆకులో ఎర్రటి కారం దోసె. తుంచిన ముక్క నోటిదాకా పోయి, భార్యను చూసి ఆగింది.

మొగుడు నడిచాడన్న సంతోషం, ఉప్పు తినబోతున్నాడన్న మంట ఆమెకు ఒక్కసారే పొంగాయి. చేతిలో ముక్కా, ఆకులో దోసే లాక్కుని, భోరున ఏడుస్తూ, నిలబడే మొత్తం తినేసింది. ఆయన గుటకలు మింగాడు. మగ్దలీనమ్మ నవ్వు ఆపుకోలేక బల్ల మీద కూలబడింది.

ఆదిశేషమ్మ కొంగుతో కళ్ళూ మూతీ తుడుచుకుంది.

"రేపు కూడా నడిచి రాయ్యా. నువ్వు చూస్తా కూచో, నేను తింటా."