కట్టని పొగగొట్టం నీడ

శ్యామలాంబ పొద్దున్నే వడియాల మంచం వాకిట్లో ఎండకి వేసేది. మధ్యాహ్నం దాటాక, పొగగొట్టం నీడ మీద పడకుండా దాన్ని రెండు మూడు సార్లు జరిపేది. వీధిలో అందరూ అంతే. ఆటోవాళ్లు మాత్రం నీడ ఎటుంటే అటు బండ్లు పెట్టుకుని కునుకు తీసేవాళ్లు.

పొగగొట్టం ఇంకా కట్టలేదు. రైసుమిల్లు వెనక ఖాళీ జాగాలో ఊకతో కరెంటు తీసే ప్లాంటు పెట్టాలని మిల్లు ఓనరు చంద్రరావు ప్లాను గీయించాడు. ప్లాను మీద గొట్టానికి చోటు గుర్తు పెట్టిన మర్నాడే నీడ వచ్చేసింది. బారుగా, నల్లగా, నాలుగు కుర్చీలు పట్టేంత వెడల్పున.

సాయంత్రం అది శ్యామలాంబ వాకిట్లోకి వచ్చేది. వసారాలో మంచం మీద కూతురు దుర్గాశ్రీ ఇంటర్ పరీక్షలకి చదువుకుంటూ ఉండేది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నీడ ఆ పిల్ల కాళ్ల మీదుగా ఛాతీ మీదికి పాకేది. పాకగానే పిల్లికూతలు మొదలయ్యేవి. నీడ వెళ్లిపోయేదాకా తగ్గేవి కావు.

నీడకే ఇలా ఉంటే రేపు పొగకి? ఆ ఆలోచన వస్తే శ్యామలాంబ పొయ్యి మీది కూర వదిలేసి వసారాలోకి వచ్చేది.

"ప్లాంటొస్తే కరెంటు కోతలుండవు వదినా. మీ అమ్మాయికి ఫ్యాను ఆగదు," అన్నాడు చంద్రరావు, ఎదురుపడినప్పుడు.

ఆమె భర్త అచ్చిబాబు ఆ మిల్లులోనే గుమాస్తా. "వచ్చే నెల ప్లాంటు గురించి ఆఫీసర్లు పెట్టే సభలో నువ్వు నోరు మెదిపావంటే నా ఉద్యోగం ఊడుద్ది. దాని మందులు ఎవరు కొంటారు?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతను మంచం వైపు చూడలేదు.

శ్యామలాంబ ఎవరికీ చెప్పకుండా తణుకులో బస్సు మారి రాజమండ్రి వెళ్లింది. ఊకతో, చెరుకు పిప్పితో, కాలవ నీళ్లతో కరెంటు తీసేవాళ్లకి సలహాలిచ్చే లాయరు ఆశాజ్యోతి గారు అక్కడే ఉంటారని విన్నది.

"చంద్రరావు గారు నా దగ్గరికి రాలేదు కాబట్టి సరిపోయింది. వచ్చుంటే మీకు సలహా చెప్పడం కుదిరేది కాదు," అన్నారావిడ. "ఏం కావాలమ్మా?"

"ఆపించాలండి."

"ఆగదు. కరెంటు కొంటామని ఒప్పందం రాసేసుకున్నారు. పైగా బొగ్గు కాదు, ఊక. ప్రభుత్వానికి ముద్దు. ఆపమంటే మీ అర్జీ మూలన పడుద్ది. చోటు మార్చమనండి. అది ప్రజాభిప్రాయ సేకరణ సభలో అడగొచ్చు."

"నాకు మాట్లాడ్డం రాదండి. వచ్చినా మా ఆయన మాట్లాడనివ్వరు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సభ ఎక్కడ?"

"మండలాఫీసులోనంటండి. ఫ్యాన్లున్నాయని."

"అలా కుదరదు. ప్లాంటు పెట్టే చోట గానీ, దాని పక్కన గానీ జరపాలి. రూలుంది. నేను కలెక్టరుకి రాస్తాను, నా పేరు మీదే. మీ పేరు అక్కర్లేదు."

"మరి నీడ సంగతి?"

"నీడకి చట్టంలో సెక్షన్ లేదమ్మా. దాన్ని పడనివ్వండి."

అలా సభ మిల్లు వెనక ఖాళీ జాగాలోకి మారింది. మార్చి నెల ఎండ. "షామియానా ఎందుకు, మన గొట్టం నీడ ఉందిగా," అని చంద్రరావు ఆ ఖర్చు మిగిల్చుకుని, కుర్చీలు నీడలో వరసగా వేయించాడు. సభ జరపడానికి వచ్చిన పెద్దాఫీసరు గారు కూర్చుని, "చల్లగా ఉందే," అన్నారు.

కాసేపటికి నీడ జరిగింది. "అచ్చిబాబూ, సార్ కుర్చీ జరుపు," అన్నాడు చంద్రరావు. అచ్చిబాబు జరిపాడు. జనం కూడా ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని జరిగారు. మైకూ జరిగింది. మళ్లీ నీడ జరిగింది.

అప్పుడు అర్థమైంది శ్యామలాంబకి. సభ తన ఇంటి వైపే వస్తోంది. ఈలోగా ముగించేస్తే?

వీధి చివరి ముసలి అబ్బులు మైకు అందుకుని పింఛను గురించి మొదలుపెట్టాడు.

"ఇది పింఛన్ల సభ కాదయ్యా," అన్నారు ఆఫీసరు.

"మీరు మళ్లీ ఎప్పుడొస్తారండీ బాబూ! వచ్చినప్పుడే చెప్పుకోవాలి."

జనం నవ్వారు. శ్యామలాంబ నవ్వలేదు. ఇంకాస్త మాట్లాడు అబ్బులూ, అనుకుంది. ఆఫీసరు వాచీ చూసుకున్నారు. "ఇంకెవరైనా ఉన్నారా?"

నీడ ఇంకా రోడ్డు దాటలేదు.

"నాదో ముక్కండి," అంటూ వీధిలో పాలు పోసే తలుపులమ్మ లేచింది. ఊక తిని తన గేదె ఎలా పాడైందో మొదటి నుంచీ చెప్పుకొచ్చింది.

కుర్చీలు రోడ్డు దాటాయి. అచ్చిబాబు ఆఫీసరు కుర్చీ ఎత్తుకుని తన ఇంటి గేటు ముందు ఆగిపోయాడు. నీడ లోపలుంది.

"ఇంక ముగించేద్దాం సార్," అన్నాడు చంద్రరావు.

"మాడు పగులుతోందయ్యా. లోపల వెయ్యి. ఇంకా రాసుకోవాల్సింది ఉంది."

అచ్చిబాబు భార్య వైపు చూశాడు. అతను కుర్చీ దించి, గేటు తీసి, మళ్లీ ఎత్తుకున్నాడు. తీసుకెళ్లి వసారాలో, కూతురి మంచం పక్కనే వేశాడు. మైకు కూడా తనే తెచ్చి పెట్టాడు.

నీడ దుర్గాశ్రీ ఛాతీ మీదికి వచ్చింది. పిల్లికూతలు మైకులోకి వెళ్లాయి. గేటు బయట పెట్టిన స్పీకరు బాక్సుల్లోంచి, మిల్లు మీది లౌడుస్పీకర్లలోంచి ఆ పిల్ల ఊపిరి ఊరంతా వినపడింది. లోపలికి లాగడం, ఆగడం, మళ్లీ లాగడం. ఆటోవాళ్లు లేచి కూర్చున్నారు. ఎవరూ మైకు కట్టెయ్యలేదు.

"ఎవరీ అమ్మాయి?" అన్నారు ఆఫీసరు చివరికి.

"మా అమ్మాయేనండి," అన్నాడు అచ్చిబాబు. మైకులో అతని గొంతు వేరే ఎవరిదో అన్నట్టు వినిపించింది.

ఆఫీసరు ప్లాను తెప్పించుకుని చాలాసేపు చూశారు. "గొట్టం మురుగు కాలవ అవతలకి మార్చండి. అలాగైతేనే పైకి పంపుతాను."

"అవతల నా చేపల చెరువండి!"

"మీదేగా. ఇంకా మంచిది."

చంద్రరావు ప్లాను మీద పాత గుర్తు కొట్టేసి, కొత్తది పెట్టి, సంతకం చేశాడు. వెళ్తూ వెళ్తూ, "ముందే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదిగా వదినా," అన్నాడు.

మర్నాడు సాయంత్రం మంచం మీద ఎండ పడింది. దుర్గాశ్రీ పుస్తకం మీదే నిద్రపోయింది, పిల్లికూతలు లేకుండా, నోరు మూసుకుని.

శ్యామలాంబ చెప్పులేసుకుని కాలవ దాటింది. కొత్త నీడ చెరువు గట్టు మీదుగా చేలల్లోకి పడుకుని ఉంది. దాని వెంట నడిచింది. దారిలో ఏ గుమ్మమూ లేదు. కొస దగ్గర ఒక కొంగ నిలబడి ఉంది. పొద్దు వాలేకొద్దీ నీడ ఇంకా సాగుతోంది.

దూరంగా చేల అవతల పాకలున్నాయి. అక్కడ ఎవరో దీపం పెట్టారు. పొద్దు పూర్తిగా పోయి, నీడ ఆ పాకల్ని అందుకుందో, ఇవతలే ఆగిందో తేలేదాకా శ్యామలాంబ ఆ చేలోనే నిలబడి ఉంది.