లోతు లేని చెంచా

"ఒక్క చెంచా కోసం పొద్దున్నే ఇంత రాద్ధాంతమా?" అన్నాడు భర్త. చేతిలో కాఫీ కప్పు, కప్పులో ఆ చెంచా. పంచదార కలుపుతూనే ఉన్నాడు.

"డబ్బా నిండా చెంచాలున్నాయి. మీకు ఇదే దొరికిందా?" అంది ఆమె.

"చేతికి అందింది తీసుకున్నాను. పోనీ, దానికో చీటీ అంటించి పెట్టుకో."

"అంటించినా మీరు చదవరుగా."

సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్న కూతురు తల ఎత్తకుండానే, "నాన్నా, రేపు నీ షేవింగ్ బ్రష్షుతో నా బూట్లు తుడుచుకుంటాను. బ్రష్షు బ్రష్షే కదా, గొడవ చెయ్యకు" అంది. ఆయన పకపకా నవ్వాడు. తను చెబితే రాద్ధాంతమైన మాట కూతురి నోట్లోంచి వస్తే హాస్యమైంది. ఆమె నవ్వలేదు. కప్పులోంచి చెంచా తీసుకుని కుళాయి కింద పెట్టింది.

అది లోతు లేని చెంచా. పిల్లల ఆటసామాను లోంచి ఎత్తుకొచ్చినట్టుంటుంది. దాని కోసం ఆమె బజారంతా గాలించింది. పక్షవాతం వచ్చాక అత్తగారి గొంతు మింగడం మర్చిపోయింది. మామూలు చెంచాతో పెడితే ముద్ద ఎక్కువై అక్కడే నిలబడిపోతుంది. పల్చటి నీళ్ళయితే మరీ ప్రమాదం, పొట్టలోకి పోవలసినవి ఊపిరితిత్తుల్లోకి జారతాయి. అందుకని మంచినీళ్ళలో కూడా పొడి కలిపి చిక్కబరచాలి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చెంచా నాలుక మీద ఆనించి, ఆగాలి. ఆగడమే అసలు పని. ముద్ద దిగాక అత్తగారు బాగున్న చేతి చూపుడువేలు ఎత్తుతుంది. అప్పుడే రెండో చెంచా. మాట పడిపోయిన మనిషితో ఆమె కుదుర్చుకున్న భాష అది. ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. రావాలని ఎవరూ అనుకోలేదు కూడా.

ఎందుకనుకుంటారు? ఆమె ఉందిగా. "నీ ఓపికకి దణ్ణం పెట్టాలమ్మా" అంటారు చూడవచ్చినవాళ్ళు, గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కు మీద ఊరికే చెయ్యి వేసుకున్నట్టు వేసుకుని. "నీది వెన్నలాంటి మనసు. అందరికీ వస్తుందా ఇది?" దణ్ణం పెట్టిన ఆ చేతులు ఒక్కసారైనా దుప్పటి కొస పట్టుకున్న పాపాన పోలేదు. మొదట్లో ఆ మాటలకి ఆమె పొంగిపోయేది. మనిషిని దేవతని చేస్తే ఎవరికి లాభమో రాను రాను తెలిసొచ్చింది. దేవతకి నడుం నొప్పి రాదు. దేవతకి నిద్ర అక్కర్లేదు. దేవత తిన్నదా లేదా అని ఎవరూ అడగరు. ఆయనకి కాలేజీ మధ్యాహ్నం పూట. పొద్దుటంతా పేపరు చదువుతాడు, ఇంటికొచ్చే విద్యార్థులతో "నేర్చుకుంటే రానిది లేదురా" అంటాడు. తల్లి గదిలోకి మాత్రం రోజుకోసారి తొంగిచూసి, "ఎలా ఉందమ్మా?" అని తల్లినే అడిగి, జవాబు చెప్పలేని ఆ మనిషి దగ్గర జవాబు కోసం ఆగకుండా వచ్చేస్తాడు.

పోయిన వారం ఆమెకొక కబురొచ్చింది. అత్తగారిని అప్పుడప్పుడు చూసిపోయే డాక్టరమ్మ, లేవలేనివాళ్ళని ఇళ్ళకి వెళ్ళి చూసుకునే సంస్థ ఒకటి నడుపుతుంది. ఆమె తినిపించే తీరు చూసి, "మా దగ్గర పనికి వస్తారా? పొద్దుటి పూట చాలు. మీరు చేస్తూ, కొత్తవాళ్ళకి నేర్పాలి. సోమవారం లోపు చెప్పండి" అంది. ఆ మాట ఇంట్లో ఎత్తగానే ఆయన పేపరు మడిచాడు.

"ఊళ్ళోవాళ్ళ దొడ్లు కడగడానికి వెళ్తావా? నా పరువేం కాను?"

ఫోనులో ఆయన అక్క ఇంకో రాగం అందుకుంది. "జీతం తీసుకుని చేసేదాంట్లో కరుణేముంటుందమ్మా? అది మనసులోంచి రావాలి గానీ."

అంటే ఈ గుమ్మం లోపల చేస్తే పుణ్యం, దాటి చేస్తే పరువు తక్కువ. అవే చేతులు, అవే బెడ్‌పాన్లు. జీతం ముట్టుకుంటే కరుణ మైల పడుతుందట. మరి మీ తమ్ముడు ఇన్నేళ్ళుగా జీతం పుచ్చుకునే పాఠాలు చెబుతున్నాడు, చదువేమైనా మైల పడిందా వదినా అని అడగాలని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. "పాలు పొంగుతున్నాయి" అని చెప్పి ఫోను పెట్టేసింది. పొయ్యి మీద పాలు లేవు.

కానీ ఆమెకి భయం వేసింది ఈ మాటలకి కాదు. నిన్న అత్తగారి మూతి తుడుస్తున్నప్పుడు గుడ్డ కాస్త గట్టిగా తగిలింది. తగలడం కాదు, ఆమే గట్టిగా తుడిచింది. అత్తగారు కళ్ళు మూసుకుంది. తోడేవాళ్ళు నలుగురై, పోసేవాళ్ళు ఒక్కరూ లేకపోతే ఏ కుండైనా అడుగంటుతుంది. ఇలాగే ఇంకొంత కాలం గడిస్తే ఈ చేతులు పని మాత్రమే చేస్తాయి, దయ ఉండదు. అప్పుడు కూడా వీళ్ళు గుమ్మంలో నిలబడి దణ్ణం పెడుతూనే ఉంటారు. వాళ్ళకి తేడా తెలియదు. తెలిసేది మంచంలో ఉన్న మనిషికే. ఆవిడకా మాట లేదు.

ఎండెక్కాక వదిన పళ్ళ సంచీతో దిగింది. "ఎలా చిక్కిపోయావే అమ్మా" అంటూ మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, ఆమెకి తెలుసు. తడి దుప్పట్లు డాబా మీదికి తీసుకెళ్తూ, "వదినా, నేను వచ్చేదాకా నోట్లో ఏమీ పెట్టకండి" అని చెప్పే వెళ్ళింది.

రెండో దుప్పటి తీగ మీద వేస్తుంటే కూతురు కేక పెట్టింది. మెట్లెలా దిగిందో ఆమెకే తెలియదు. అత్తగారు వెల్లకిలా పడుకునే ఉంది. పెదవులు నల్లబడుతున్నాయి, గొంతులో గరగర. వదిన చేతిలో గాజుగ్లాసు సగం ఖాళీ. భర్త గుమ్మంలో నిలబడి "ఏదో ఒకటి చెయ్యండి, ఏదో ఒకటి చెయ్యండి" అంటున్నాడు, గోడలతో. ఆమె ఒక్క ఉదుటున అత్తగారిని లేపి, ముందుకి వంచి, భుజాల మధ్య అరచేత్తో చరిచింది. మళ్ళీ చరిచింది. నీళ్ళూ కఫమూ ఆమె ఒళ్ళోకి వచ్చాయి. ఊపిరి అందింది.

"నోరెండిపోయి ఉంటే చూస్తూ ఎలా ఊరుకుంటాను? కన్నకూతుర్ని" అంది వదిన. "ప్రేమ కొద్దీ గుక్కెడు నీళ్ళు పోశాను."

"ఆ ప్రేమే గొంతుకి అడ్డం పడింది వదినా."

అప్పుడు భర్తకి నోరొచ్చింది. "అసలు నువ్వెక్కడికి పోయావు?"

ఆమె అత్తగారి వీపు నిమురుతూనే ఆయన వైపు చూసింది. నీళ్ళు పోసింది అక్క. చూస్తూ నిలబడింది తమ్ముడు. తప్పు మాత్రం డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్న మనిషిది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి ఛాతీ అంతా పరీక్షించింది. "శబ్దమేమీ లేదు, అదృష్టం. రాత్రికి మామూలుగానే తినిపించండి. జ్వరం వస్తే మాత్రం ఫోన్ చెయ్యండి" అంది. ఆమె డాక్టరమ్మని గేటుదాకా సాగనంపడానికి వెళ్ళింది. తిరిగి రావడానికి కాస్త ఆలస్యమైంది.

రోజూ అత్తగారికి గదిలోనే ముందు పెట్టేస్తుంది. తర్వాత అందరికీ వడ్డిస్తుంది. చివర్న మిగిలింది తను తింటుంది. ఆ రాత్రి అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెడుతూ చెవిలో ఏదో చెప్పింది. బాగున్న వైపు పెదవి నవ్వినట్టు కొంచెం కదిలింది. కుర్చీని తీసుకొచ్చి భోజనాల బల్ల దగ్గర, భర్త పక్కన ఆపింది.

"ఇక్కడికెందుకు తెచ్చావు?" అన్నాడాయన.

"ఇల్లు ఆవిడది గనక."

మెత్తగా చేసిన అన్నం గిన్నె, దాని పక్కన లోతు లేని చెంచా, రెండూ ఆయన ముందు పెట్టింది. తన కంచం తెచ్చుకుని అందరితో పాటు కూర్చుంది.

"రేపటి నుంచి పొద్దుటి పూట డాక్టరమ్మ దగ్గర పనికి వెళ్తున్నాను. ఒప్పుకున్నాను. మధ్యాహ్నం నేను వచ్చి అత్తయ్యని చూసుకుంటాను, మీరు కాలేజీకి వెళ్దురు గాని. పొద్దున మాత్రం మీరే చూసుకోవాలి."

వదిన చేతిలో ముద్ద ఆగిపోయింది. "పరాయివాళ్ళకి చేస్తావు గానీ సొంత అత్తకి బరువైపోయిందా? ఆ కరుణంతా ఏమైంది?"

"అది మిగిలి ఉండాలనే వెళ్తున్నాను. ఆదివారాలు మీరు రండి వదినా. ఏడవడానికి కాదు, దుప్పట్లు మార్చడానికి."

"నానమ్మకి నేను పెడతానమ్మా" అంటూ కూతురు లేవబోయింది.

"కూర్చో" అంది ఆమె. "నీదాకా వద్దు. ముందు మీ నాన్న."

ఆయన చెంచా వైపు చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నాకు రాదు. నీకున్న ఓపిక నాకెక్కడిది? అది నీ గుణం."

"మీరందరూ అంటుంటే నేనూ గుణమే అనుకున్నాను. డాక్టరమ్మ దాన్ని పని అంటుంది. గుణమైతే నా ఒక్కదానికే ఉండాలి. పనైతే ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకుంటే రానిది లేదని పిల్లలకి చెప్పేది మీరేగా."

ఆయన చెంచా అందుకున్నాడు. ముద్ద సగం గిన్నెలోనే రాలింది. మిగిలిన సగం తల్లి నాలుక మీద పెట్టి, హమ్మయ్య అనుకుని, వెంటనే రెండో చెంచా నింపాడు.

"ఆగండి" అంది ఆమె, తన కంచంలోంచి తల ఎత్తకుండానే. "ఆవిడ వేలెత్తేదాకా రెండోది పెట్టకూడదు."

ఆయన చెంచా గాల్లో పట్టుకుని ఆగాడు. ముద్ద గొంతు దిగడం ఆమె ఓరకంట చూసింది. అత్తగారు కొడుకు ముఖంలోకి తేరిపార చూస్తూ, వేలు మాత్రం ఎత్తలేదు.