ఒక బాకా కడుపుమంట

నేను ఒక నోరుని. మాట మాత్రం ఎప్పుడూ ఇంకొకడిదే. విజయనగరంలో సత్తు గిన్నెలు చేసేచోట, అన్నం వండుకోవలసిన రేకును వంచి, ఉమ్మెత్తపువ్వులా విప్పి, నన్ను లౌడ్‌స్పీకరు బాకాగా మార్చారు. గిన్నెనై ఉంటే ఒక్క ఇంటి ఆకలి తీర్చేదాన్ని. బాకానయ్యాను కనక ఊళ్లకు ఊళ్ల నిద్ర చెడగొట్టాను.

మొదట పెళ్లిళ్ల సప్లయి షాపులో ఉన్నాను. ఒకసారి నేను ఎత్తుకున్న పాటకి పొరుగూరి పెళ్లికొడుకు దారి తప్పి ఇక్కడికొచ్చి పీటల మీద కూర్చున్నాడు. నమ్మకపోతే ఆ అరుపుకి రాలిపడ్డ కొబ్బరికాయల్ని అడగండి. తర్వాత ఎన్నికలకు అద్దెకు వెళ్లాను. పొద్దున ఒకాయన్ని దేవుడన్నాను, సాయంత్రం ఆయన మీద పోటీ చేసినవాణ్ని దేవుడన్నాను. ఇద్దరూ మురిసిపోయారు.

చివరికి గవరయ్య చేతికి వచ్చాను. చీపురుపల్లి పక్కన కంటి శిబిరాలు పెట్టే ఒక సేవాసంఘానికి ప్రచారం చేసేవాడతను. నన్ను ఆటో నెత్తిన కట్టి తిప్పేవాడు. నా మాట విని ఎందరొచ్చారో, భోజనం పెడతారని ఎందరొచ్చారో ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే నా వైభవం.

అంతలో సంఘంలో పైడితల్లి అనే అమ్మాయి చేరింది, ఒక ఫోను పట్టుకుని. అరచేతి వెడల్పు లేని పలక. దానికి చొక్కా తొడిగేది, మెత్తటి గుడ్డతో తుడిచేది. ఆటో మీంచి దించి మూలన పడేసిన నా నోట్లో సాలీడు గూడు కట్టినా చూసినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండింది.

ఆ రోజుల్లోనే పట్నం ఆసుపత్రివాళ్లు కబురుపెట్టారు. కంటి ఆపరేషన్లకు మనుషుల్ని తీసుకెళ్లడానికి వాళ్లు పంపే బస్సు ఖాళీగా తిరిగొస్తోందట. ఇలాగే ఉంటే శిబిరం ఎత్తేస్తామన్నారు. అదే పోతే చుట్టుపక్కల కళ్లకు పొరకమ్మిన ముసలివాళ్లకు వేరే దిక్కులేదు. పైడితల్లి ఆసుపత్రి భవనం ఫొటో పెట్టి, ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలో "శిబిరానికి వస్తారా?" అని అడిగింది. దండం బొమ్మలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. బస్సొకటి చాలదు, రెండు పంపండని ఆసుపత్రికి చెప్పింది. ఆ పలక గెలిచిందని నేను మూల కూర్చుని కుమిలిపోయాను.

తెల్లారి రెండు బస్సులూ వచ్చాయి. ఎక్కినవాళ్లు ముందు సీట్లకే చాలలేదు. గవరయ్య చుట్ట తీసి అన్నాడు: "ఏటమ్మా, నీ ఫోన్లో దండాలెట్టినోల్లు సేతులు దించేరా, ఇంకా ఎట్టుకునే ఉన్నారా?"

పైడితల్లి కళ్లు తుడుచుకుంది. "అందరూ సరే అన్నారు తాతా."

"మన కాడ దండం రెండు రకాలే తల్లీ. సరే అన్నా దండమే, నీకో దండం నన్నొగ్గీ అన్నా దండమే."

నాకు కరెంటు తీగ తగిలించి ఉంటే ఆ క్షణాన మంగళహారతి పాడేదాన్ని.

కానీ ఆ పిల్ల మొండిది. ఇంకొక్కసారని ఆసుపత్రివాళ్లను బతిమాలుకుంది. ఈసారి వస్తారా అని అడగలేదు. మీ ఇంట్లో చూపు మసకబారిన పెద్దవాళ్ల పేరేమిటి, బస్సు ఏ మలుపులో ఆగాలి అని అడిగింది. దానికి దండంతో జవాబు చెప్పడం కుదరదు కదా! కొన్ని గ్రూపులకు పెట్టిన భవనం ఫొటోకి ఒక్క పేరూ రాలేదు. మిగతావాటికి పెట్టిన, బస్సు పక్కన నవ్వుతున్న డ్రైవరు ఫొటోకి పేర్లు వచ్చాయి. భవనాన్ని తీసేసి డ్రైవరునే మళ్లీ పంపింది. దూరాన ఉన్న దాతలకు ఈమెయిల్లో పంపే చాంతాడంత నివేదిక మానేసి, ఎవరికి చూపు వచ్చింది, ఎవరికి రావాలి, మీరేం చేయగలరు అని నాలుగు ముక్కలు రాసింది. మునుపు పలకని వాళ్లు జవాబిచ్చారు. లైకుల వంక చూడటమే మానేసింది. బస్సు మెట్టెక్కిన కాళ్లనే లెక్కపెట్టింది.

బస్సు నిండింది. ఎక్కినవాళ్లలో సూరమ్మ ఉంది. కాలేజీకెళ్లే మనవరాలు ఫోన్లో చూసి ఆమె పేరు పంపిందట. ప్రతి ఏడూ ఆ ముసలమ్మ వాకిట్లోంచే కదా నేను అరుచుకుంటూ వెళ్లింది! గవరయ్య అదే అడిగాడు.

"ఆ మైకా? మేకలు బెదిరిపోతాయని తలుపేసీదాన్ని," అంది సూరమ్మ.

సాలీడు గూడు వెనక నా మొహం దాచుకున్నాను.

ఆపరేషనయి కంటి కట్టు విప్పాక సూరమ్మ పైడితల్లికి జున్ను తెచ్చింది. మూలనున్న నన్ను చూసి ఆగిపోయింది. "ఇదేనేటి ఆ అరిసీది? ఎంత సక్కగుందే!" అంది. ఇన్నాళ్లకి నన్ను సక్కగా ఉన్నావన్న మొదటి కళ్లు అవి. వాటికి చూపు తెప్పించింది నా పగవాడు, ఆ పలక.

గవరయ్య నన్ను ఆమెకే ఇచ్చేశాడు. ఇప్పుడు ఆమె వసారాలో పక్కకి ఒరిగి పడుకున్నాను. నా నోట్లో కోడి గుడ్లు పెడుతోంది. మరుసటి శిబిరానికి పేర్లు రాసుకుంటూ పైడితల్లి ఫోను పట్టుకుని ఈ వీధికి వస్తే చాలు, కోడి నాలోంచి ఒక్క కూత వేస్తుంది. ఫోన్లో అవతలి మాట ముక్క వినపడక, పైడితల్లి వీధి చివరిదాకా పరిగెత్తాల్సిందే.