దీపం అంచు

“నీది కంటి జబ్బు కాదు, ధ్యాస జబ్బు,” అన్నాడు భర్త. ఆమె అతని చొక్కాకు గుండీ కుడుతూ అప్పుడే సూదితో వేలు పొడుచుకుంది. “త్రాటకం చెయ్యి. దీపాన్ని రెప్ప వేయకుండా చూడడమే. చూపూ బాగవుతుంది, బుర్రా కుదురుతుంది.”

ధ్యాస లేదన్న మాట ఆమెకు కొత్త కాదు. పాలు పొంగితే అత్తగారు అంటుంది. బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరూ అదే అంటున్నాడు. అక్కడ ఆమె పని, కుట్టిన చొక్కాల్లో లోపాలు పట్టడం. ఈమధ్య తప్పిన కుట్లు ఆమె కళ్ళముందే దాటిపోతున్నాయి. “ఇంకోసారైతే ప్యాకింగులోకి పంపేస్తా,” అన్నాడు. ఇల్లంతా నెత్తినేసుకుని తిరిగే మనిషికి ధ్యాస ఎక్కడ మిగులుతుందిలే అని ఆమె కూడా నమ్మేసింది.

రోజూ పొద్దున్నే, స్టవ్ వెలిగించకముందు, వంటింట్లో దీపం పెట్టుకుని కూర్చోసాగింది. మొదట్లో మనసు టిఫిన్ డబ్బాల చుట్టూ తిరిగేది. పోనుపోను నిలిచింది. వత్తి దగ్గర నీలం, దానిపైన చీకటి చుక్క, ఆపైన పసుపు. ఒక్క మంటలో ఇన్ని ఉంటాయా? కళ్ళు మూస్తే అదే వెలుగు ఆకుపచ్చగా రెప్పల లోపల తేలేది. ఒకరోజు నీళ్ళు ధారగా కారుతుంటే అత్తగారు గుమ్మంలో ఆగింది.

“పొద్దున్నే ఏడుపేంటే?”

“ఏడవట్లేదత్తయ్యా. చూస్తున్నాను.”

చూసేకొద్దీ ఒక సంగతి ఆమెను తొలవసాగింది. మనసు ఎటూ పోవడం లేదు, అయినా మంట అంచు అలికేసినట్టే ఉంది. కుడికన్ను మూస్తే మరీను. అలాంటప్పుడు చెదిరింది ధ్యాసేనా?

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి నేరుగా కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అద్దాలు మార్చి మార్చి చూసి, “ఎడమకంటికి చాలా పవరుంది. ఇన్నాళ్ళూ కుట్లెలా చూశావమ్మా?” అంది డాక్టరమ్మ.

“దీపం చూస్తే తగ్గదా?”

“మనసుకు హాయిగా ఉంటే కాసేపు చూడు, కళ్ళు మండితే ఆపెయ్. పవరు మాత్రం దానికి తగ్గదు.”

కళ్ళజోడు వచ్చాక సూపర్‌వైజరు ప్యాకింగు మాట ఎత్తలేదు. “అయితే త్రాటకం పనిచెయ్యలేదన్నమాట,” అని భర్త నవ్వాడు.

“చేసింది,” అందామె. మర్నాడూ దీపం ముందు కూర్చుంది.

అత్తగారు వచ్చి పక్కన చతికిలబడింది. “ఏదీ, ఏముందో నన్నూ చూడనీ.” చాలాసేపు చూసింది. “నాకు రెండు కనపడుతున్నాయేమిటే?”

“ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“మీ మామగారు బతికున్నప్పట్నుంచీ ఇంతే. పరధ్యానం అనేవారు. కాబోలనుకున్నాను.”



“సాయంత్రం నేనొచ్చేసరికి తయారై ఉండండి,” అంది కోడలు. “మీ అబ్బాయినేమీ అడగక్కర్లేదు.”