నాడా పట్టీలో నంబరు

దారం కొసను నాలుకతో తడిపి, సూది బెజ్జంలోకి మూడోసారి గురి చూసింది ఎస్తేరు. ఈసారి దూరింది. మిషన్ పక్కన స్టూలు మీద ఐదు పంజాబీ డ్రెస్సులు మడతపెట్టి ఉన్నాయి. ఆరోది ఆమె ఒళ్లో ఉంది. నీలం మీద తెల్ల చుక్కల గుడ్డ. చేతులు మణికట్టు దాకా వస్తాయి. వేసుకున్న మనిషి ఒళ్లు తెలియనంత వదులు.

నకిరేకల్ పాత రోడ్డు మీద ఆ షట్టర్ గదిలో తొమ్మిదేళ్లుగా ఆమె కుట్టే బట్టలు ఎక్కువగా ఇలాంటివే. కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి పోయే ఆడవాళ్లు, అంతవరకూ చీర తప్ప కట్టనివాళ్లు, ఆమె దగ్గరికి వస్తారు. కుట్టే సేపు ఆమె చెప్పే మాటల కోసం కూడా వస్తారు. ఎస్తేరు పన్నెండేళ్లు కువైట్‌లో చేసి, తెలంగాణ వచ్చిన ఏడే తిరిగొచ్చింది. కళ్లద్దాల కాడ ఒకటి దారంతో కట్టి ఉంటుంది. స్నానాల గదులు కడిగిన మందునీళ్లకు రెండు చేతుల మీదా చర్మం ఉల్లిపొరలా పలచబడి తెల్లగా మెరుస్తుంది. ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉంటుంది. నెల రోజులుగా ఆ భుజం నుంచి మోచేతి దాకా ఒక నొప్పి వచ్చి పోతూ ఉంది. గుండె రక్తనాళం మూసుకుందని, హైదరాబాద్ పెద్ద దవాఖానకు వెంటనే పొమ్మని డాక్టర్ చెప్పి పద్దెనిమిది రోజులైంది. ఎస్తేరు రేపు పోదామని పెట్టుకుంది. ఇవాళ నాగరాణి పోతోంది కదా, అది పోయాక.

నాగరాణికి ముప్పై రెండేళ్లు. సాయంత్రం నాలుగు గంటల బస్సుకు హైదరాబాద్, అక్కడి నుంచి తెల్లారి కువైట్. మొగుడు సురేశ్ నిమ్మకాయల లోడుతో ఢిల్లీ పోయాడు. అందుకని సాగనంపడానికి ఆమె వెంట అత్త నర్సింగమ్మ ఈ గదికి వచ్చింది. బ్యాగును కాళ్ల మధ్య పెట్టుకొని, ఎవరో లాక్కుపోతారన్నట్టు దాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

"బ్యాగు ఇప్పు వదినె," అంది ఎస్తేరు.

"నిన్ననే సదిరిన. మల్ల ఎందుకు?"

"నేను జూడక పంపను. ఇప్పు."

నర్సింగమ్మ గొణుక్కుంటూ జిప్పు లాగింది. కొబ్బరినూనె సీసా, మామిడికాయ తొక్కు, దువ్వెన, కూతురు ఐదేళ్ల పిల్ల ఫోటో. అడుగున పాత దినపత్రికలో చుట్టిన పొట్లం. ఎస్తేరు విప్పి వాసన చూసింది.

"మసాలాల గసగసాలు ఏసినవా?"

"ఏయకుంటే కూర చిక్కగ ఎట్లైతది? నా చేతి మసాలా అది. ఏంపి, దంచి..."

"ఆ దేశంల గసగసాలంటే మత్తుమందు కింద లెక్క. ఎయిర్‌పోర్టుల దొరికిందంటే సీదా జైలే. తెల్వక తెచ్చిన అంటే ఇనెటోడు ఉండడు."

నాగరాణి ముఖం పాలిపోయింది. నర్సింగమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు.

"బోనంల పెడ్తం, పెండ్లిల పెడ్తం. గసగసాలకు జైలా? నిన్నెవరో ఆట పట్టిచ్చిన్రు."

"అయితే నువ్వే తీస్కపో, నిన్నే పట్టుకుంటరు. ముసల్దానివి, తిండి పెట్టి పంపుతరు." పొట్లం మిషన్ మీద పెట్టింది. "ఇది నా తాన ఉండని. నేనే వండుకుంట."

నాగరాణి నవ్వింది. పొద్దున్నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

ఎస్తేరు కుడుతూ చెప్పసాగింది. ఇంటివాళ్లు తిన్నాక మిగిలింది తింటానని ఆగొద్దు, పొద్దున పనికి ముందే ఒక రొట్టె తినాలి, కడుపు మాడ్చుకుంటే మూడో నెలలో పడిపోతావు. తెల్లగా చేసే మందునూ యాసిడ్‌నూ ఒక్క బకెట్లో కలపొద్దు, ఊపిరాడదు. బాత్రూం కడిగేటప్పుడు తలుపు తెరిచి ఉంచు. పాస్‌పోర్టు వాళ్లు తీసుకుంటారు, నకలు కాగితం మాత్రం నీ దగ్గర ఉండాలి. రెండు నెలలు జీతం ఇవ్వకపోతే మన ఎంబసీ ఎక్కడని టాక్సీవాణ్ణి అడుగు, సిగ్గుపడకు. వంటగది గొళ్లెం లోపలి నుంచి పడుతుందో లేదో మొదటి రోజే చూసుకో. పిల్లల్ని ఎత్తుకుంటే మరీ దగ్గరకు తీసుకోకు.

"అదెందుకక్కా?" అంది నాగరాణి.

ఎస్తేరు సూది ఆపింది. "వదిలొచ్చెటప్పుడు కోస్కపోతది. ఈడ ఒకసారి, ఆడ ఒకసారి ఎందుకు?"

ఇక నంబరు మిగిలింది. పైజామా నడుము దగ్గర నాడా దూర్చే పట్టీ ఉంటుంది. దాని లోపలి వైపున ఎస్తేరు అదే రంగు దారంతో ఇంటి ఫోన్ నంబరు కుడుతుంది. కంటికి కనిపించదు. బొటనవేలితో తడిమితే అంకె అంకె తగులుతుంది. మొదటి రోజే ఫోన్ గుంజుకుంటారు, కాగితాలు గుంజుకుంటారు, కట్టుకున్న బట్టను మాత్రం వదిలేస్తారు.

ఎస్తేరు పోయినప్పుడు ఇదంతా చెప్పినవాళ్లు లేరు. ఊళ్లో లచ్చయ్య ఎస్‌టీడీ బూత్ నంబరు కాగితం మీద రాసుకొని పోయింది. ముందు దేశం కోడు కొట్టాలని అక్కడ ఎవరో చెప్పారు. కొట్టింది. కాని ఊరి కోడు ముందున్న సున్నాను తీసేయాలని ఎవరూ చెప్పలేదు. ఆ సున్నాతో కలిపి ఏడు నెలలు కొట్టింది. ప్రతిసారీ అరబ్బీలో ఒక ఆడగొంతు ఏదో చెప్పి పెట్టేసేది. ఆ ఏడు నెలలూ ప్రతి శుక్రవారం ఎస్తేరు తల్లి బూత్ ముందు స్టూలు మీద కూర్చొని, మూసేదాకా ఎదురుచూసి పోయేదని లచ్చయ్య తర్వాత చెప్పాడు. ఎనిమిదో నెలలో ఒక కేరళ నర్సు ఆ సున్నా తీసి కొట్టి ఇచ్చింది. బూత్‌లో ఫోన్ మోగింది. లచ్చయ్యే ఎత్తాడు. తల్లిని పూడ్చిపెట్టి అప్పటికి పదకొండు రోజులు.

"ఎవరి నంబరు కుట్టాలె?" అని అడిగింది ఎస్తేరు.

అత్తాకోడళ్లు ముఖాలు చూసుకున్నారు. సురేశ్ ఏ సిమ్ముకు ఆఫర్ ఉంటే ఆ సిమ్ము వేస్తాడు. నర్సింగమ్మ కొంగులోంచి టచ్ ఫోన్ ఒకటి తీసింది. కొడుకు పాతది. ఎస్తేరు పక్క ఫ్యాన్సీ దుకాణం శ్రీదేవి ఫోన్ అడిగి తెచ్చి, ఆ టచ్ ఫోన్‌కు రింగిచ్చింది.

"ఎత్తు."

నర్సింగమ్మ వేలు పెట్టి జరిపింది. జరగలేదు. గట్టిగా అదిమింది. ఇరవై ఏళ్లుగా మార్కెట్లో నిమ్మకాయలు ఏరిన వేళ్లు. పులుపుకు గీతలన్నీ అరిగిపోయి, కొసలు ఎండి పగిలి ఉన్నాయి. ఫోన్ ఆ వేళ్లను గుర్తించలేదు. మోగి మోగి ఆగిపోయింది. చీరకు తుడుచుకొని మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ ఆగిపోయింది.

"ఇగ నేను సచ్చిన అనుకుంటది నా కోడలు," అంది నర్సింగమ్మ. నాగరాణి తల వంచుకుంది.

ఎస్తేరు తన బటన్ ఫోన్ వైపు చూసింది. మిషన్ మీద, కత్తెర పక్కన, తొమ్మిదేళ్లుగా దాని చోటు అదే. ఇంట్లో ఎత్తే దిక్కు లేని ఆడవాళ్లందరికీ ఆమె తన నంబరే కుట్టి పంపింది. అందుకే ఆ సిమ్ము మార్చలేదు. అందుకే చుట్టాల పెళ్లికి కూడా రెండు రోజులు ఊరు దాటి ఉండలేదు. హైదరాబాద్ ప్రయాణం పద్దెనిమిది రోజులు వెనక్కి పోయిందీ అందుకే. ఆసుపత్రిలో ఫోన్ ఎవరు ఎత్తాలి?

నీలం గుడ్డలో మిగిలిన ముక్కను తీసి, నాలుగు వైపులా మడిచి, మిషన్ మీద గబగబా ఒక చిన్న సంచి కుట్టింది. మూతికి నాడా దూర్చింది. ఫోన్ అందులో వేసి నర్సింగమ్మ మెడలో తగిలించింది.

"ఇదేంది? నీకు అక్కెరుండదా?"

"రేపు దవాఖానల నన్ను ఫోన్ ఎత్తనిస్తరా? నంబరు అదే ఉంటది. మనిషే మారుతది. పచ్చ బటన్ ఒత్తు."

శ్రీదేవి ఫోన్ నుంచి మళ్లీ రింగిచ్చింది. నర్సింగమ్మ బటన్ ఒత్తింది. కిర్రుమంది.

"అలో!"

"అంతగనం ఒర్లకు. ఫోన్ లేకున్నా కువైట్‌ల ఇనబడతది." ఎస్తేరు రెండోసారి, మూడోసారి చేయించింది. తర్వాత మెల్లగా అంది: "ఇంక పదకొండు మంది బట్టలల్ల గీ నంబరే ఉన్నది వదినె. నీ కోడలే గాదు, ఎవరు చేసినా ఎత్తాలె. ఫోన్ల ముందు ఏడుస్తరు. ఏమైందని అడగకు. తిన్నవా అని అడుగు. గది చెప్పెటాళ్లకు ఏడుపు ఆగుతది. అటెన్క వాళ్లే చెప్తరు."

"నాకు చేతనైతదా?"

"నాకెవరు నేర్పిన్రు?"

మూడున్నరకు చివరి అంకె కుట్టి దారం పళ్లతో తెంపింది. నాగరాణి కళ్లు మూసుకొని పట్టీని బొటనవేలితో తడిమి, అంకెలన్నీ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. ముందు రెండు సున్నాలు, తర్వాత తొంభై ఒకటి, ఆ తర్వాత పది అంకెలు. మధ్యలో ఇంకో సున్నా లేదు. ఎస్తేరు రెండుసార్లు చెప్పించుకుంది.

బస్సు వచ్చింది. ఎస్తేరు షట్టర్ దాకానే వచ్చింది. బస్సు కదిలాక చూస్తూ నిలబడదు. నిలబడితే పోయేవాళ్లు వెనక్కి తిరుగుతారని, తిరిగితే దిగబుద్ధి అవుతుందని ఆమె భయం. లోపలికి పోయి మిషన్ ముందు కూర్చుంది. పెడల్ చప్పుడు కాసేపు వినిపించిందని శ్రీదేవి తర్వాత చెప్పింది. ఆరు గంటలకు ఆమె చాయ్ తెచ్చేసరికి ఎస్తేరు తల మిషన్ మీద ఆనించి ఉంది. కళ్లద్దాలు తీయలేదు. నిద్రపోయిందనుకొని శ్రీదేవి చాయ్ మీద మూత పెట్టింది. మూత పెట్టాక అనుమానం వచ్చింది.

మరునాడు ఎస్తేరును చర్చి వెనక సమాధుల దొడ్లో పూడ్చారు. నర్సింగమ్మ నిమ్మకాయల పని మానుకొని వచ్చింది. షట్టర్ దించే ముందు శ్రీదేవి మిషన్ మీది మసాలా పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. నర్సింగమ్మ దాన్ని విప్పలేదు. వదిలిపెట్టలేక కొంగున కట్టుకుంది.

నాలుగో రోజు మస్కట్ నుంచి ఎవరో చేశారు. ఎస్తేరక్కా అని ఏడ్చారు. నర్సింగమ్మ తిన్నవా అని అడిగింది. తినలేదంది. అయితే తిని చెయ్యి, ఈడనే ఉంట అంది. అరగంటకు మళ్లీ మోగింది.

నాగరాణి మాత్రం చేయలేదు. వారం గడిచింది. నర్సింగమ్మ మార్కెట్లో పండూ కాయా వేరు చేస్తూ నిమిషానికోసారి మెడలోని సంచి తడుముకునేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అది మోగింది.

"అత్తమ్మా..."

"నేనే బిడ్డా. తిన్నవా?"



"తిన్న అత్తమ్మా. ఫోన్ గుంజుకున్నరు. పక్కింటి ఆమెది అడిగి చేస్తున్న. నాడా పట్టీ తడుముకుంటనే నంబరు కొట్టిన. ఎస్తేరక్కేది?"

నర్సింగమ్మ నిమ్మకాయల కుప్ప వైపు చూసింది. చేతిలోని కాయను మెల్లగా పండ్ల వైపు పెట్టింది.

"హైదరాబాద్ దవాఖానకు పోయింది. జర ఆలస్యమైతదంట. నువ్వు చెప్పు, వంటగదికి లోపట గొళ్లెం ఉన్నదా?"

"ఉన్నది."

"పడుతదా?"

"పడుతది."

మాట అయిపోయాక ఫోన్‌ను సంచిలో వేసి నాడా బిగించింది. నీలం మీద తెల్ల చుక్కలు. తొమ్మిది రోజుల నిమ్మరసానికి అంచున రంగు కొంచెం పోయింది, కుట్టు మాత్రం ఎక్కడా వదల్లేదు.