చక్రం మీద సుద్ద గీత

ఆఫీసు రికార్డుల్లో ఆయన హోదా పేరు బారెడు ఉంటుంది గానీ, వీధుల్లో మాత్రం అందరికీ ఆయన సుద్దముక్కే. ఆ పేరు తన చెవిన పడనట్టు నటించడం ఆయనకు బాగా అలవాటు. నగరపాలక కార్యాలయంలో వదిలేసిన వాహనాల విభాగం అంటే ఒక బల్ల, ఒక కుర్చీ, ఆయన. పంతొమ్మిదేళ్లుగా పని ఒకటే. ఫలానా వీధిలో ఫలానా బండి నెలల తరబడి కదలడం లేదని ఎవరో ఫిర్యాదు చేస్తారు. ఈయన వెళ్లి, టైరు మీద నుంచి రోడ్డు మీదికి ఒకే గీత గీసి, పక్కన తేదీ వేసి వస్తాడు. ఏడో రోజు మళ్లీ వెళ్తాడు. టైరు మీది గీత, రోడ్డు మీది గీత విడిపోయి ఉంటే బండి కదిలినట్టే. "వాడుకలో ఉంది" అని రాసి ఫిర్యాదు మూసేస్తాడు. గీత చెక్కుచెదరకుండా ఉంటే అద్దానికి పసుపు కాగితం అంటిస్తాడు. మరో పదిహేను రోజులకు లాక్కెళ్లే లారీ వస్తుంది. ఈ మధ్యలో ఎక్కడా జాలికి చోటు లేదు. జాలిపడుతూ కూర్చుంటే ఊరంతా తుప్పే మిగులుతుందని ఆయన వాదన.

నోటి దురుసు కూడా తక్కువేం కాదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఫిర్యాదు చేసినవాళ్లనీ, "కొనడం వచ్చింది, వదిలించుకోవడం రాలేదా?" అని బండి గలవాళ్లనీ పక్షపాతం లేకుండా తిట్టేవాడు.

ఆ తెల్ల కారు గడియారాలు బాగుచేసే పెద్దాయన ఇంటి ముందు ఉండేది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వెనక టైర్లలో గాలి తగ్గింది. పైన ఎండుటాకులు. ముందు అద్దం మాత్రం ఇవాళే తుడిచినట్టు మెరుస్తోంది. సుద్దముక్క మొదటిసారి వెళ్లినప్పుడు డ్రైవరు సీట్లో ఒక పొట్టి పెద్దావిడ కూర్చుని ఉంది. స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని, ఎక్కడికీ పోకుండా.

"దిగండమ్మా, గీత గీయాలి."

"నేను కూర్చుంటే గీత పడదా బాబూ?" అందామె.

కారు వాళ్ల ఒక్కగానొక్క కూతురిది. నర్సుగా పనిచేసేది. రెండేళ్ల కిందట వార్డులో అంటుకున్న జ్వరం నాలుగు రోజుల్లో ఆ పిల్లను మింగేసింది. అమ్మాయిదీ తల్లి పోలికే, పొట్టి మనిషి. సీటు బాగా ముందుకు జరుపుకుని నడిపేది. ఆ సీటును ఎవరూ వెనక్కి జరపకూడదని పెద్దావిడ ఆజ్ఞ.

ఏడో రోజు వెళ్లి చూస్తే గీత విడిపోయి ఉంది. చక్రం జానెడు ముందుకు జరిగింది. జానెడే. చచ్చిన బ్యాటరీతో బండి దానంతటది కదలదని తెలియనంత అమాయకుడు కాదు సుద్దముక్క. ఆ పెద్దాయనే తోసి ఉంటాడనుకున్నాడు. కానీ బండి కదలాలని మాత్రమే నిబంధనల్లో ఉంది, ఎంత కదలాలో లేదు. "వాడుకలో ఉంది" అని రాసేశాడు.

నెల తిరగ్గానే మళ్లీ ఫిర్యాదు, మళ్లీ గీత, మళ్లీ జానెడు. మూడోసారికి ఒళ్లు మండి, ఎదురు మేడలో ఉండే ట్యూషన్ మాస్టారి మీద విరుచుకుపడ్డాడు. "స్కూటరు పెట్టుకోవడానికి చోటు కావాలంటే నోరు తెరిచి అడగండి! పేరు చెప్పకుండా ఈ ఫోన్లేంటి? కూతురు పోయిన ఇల్లండీ అది!"

మాస్టారు బిత్తరపోయి, "నాకు స్కూటరే లేదండీ" అన్నాడు.

నాలుగో ఫిర్యాదు ఫోన్లో రాలేదు. కాగితం మీద, చిన్న చిన్న అక్షరాల్లో వచ్చింది. "ఈసారైనా తప్పక తీసుకువెళ్లగలరు. వెనక సీటు కింద నీలం గొడుగు ఉంటుంది. దాన్ని మాత్రం ఇంట్లో ఇచ్చి వెళ్లగలరు."

సుద్దముక్క ఆఖరి వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ మాత్రం గొడుగు దగ్గర దొరికిపోయాడు.

బుధవారం వెళ్లి, ముందు గదిలో పనిబల్ల మీద ఆ కాగితం పెట్టాడు. పెద్దాయన కంటికున్న భూతద్దం తీయలేదు.

"మెల్లగా సారూ, మా ఆవిడ వింటుంది."

"మీరేనా ఇదంతా?"

"నేనే. ఆవిడతో నోరు తెరిచి చెప్పలేను. చెప్తే కూతుర్ని రెండోసారి సాగనంపినట్టవుతుంది. మీరు తీసుకుపోతే మిమ్మల్ని తిట్టుకుంటుంది, నన్ను కాదు. నలభై ఏళ్లు ఆగిపోయినవాటిని నడిపించిన చెయ్యి సారూ ఇది. అది అలా గుమ్మం ముందు ఆగిపోయి ఉంటే పొద్దున్నే తలుపు తియ్యాలంటే భయమేస్తోంది." తలెత్తి చూశాడు. "అయినా మీరేంటి, కదిలిందని రాసేసి పోతున్నారు? జాలిపడుతున్నారా?"

"నేను రాయడమేంటండీ, నిజంగానే కదిలింది. మీరే తోస్తున్నారనుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో పెద్దావిడ మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు పట్టుకున్న అరచేతిలో బొబ్బలెక్కి తోలు లేచి ఉంది. పెద్దాయన అప్పటికే గడియారం మీదికి వంగిపోయాడు. సుద్దముక్క ఒక్కడే చూశాడు. నీళ్లు తాగాడు. బయటికొచ్చి గీత గీసి, "మళ్లీ బుధవారం వస్తానమ్మా" అని మాత్రం ఆమెకు వినపడేలా గట్టిగా చెప్పాడు.

బుధవారం వెళ్లేసరికి గీత గీసినట్టే ఉంది. పంతొమ్మిదేళ్లలో తన గీతను చూసి తనే భయపడటం అదే మొదలు. డ్రైవరు సీటు ఖాళీ. పెద్దాయన గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు, గడ్డం మాసి, చొక్కా నలిగి.

"మొన్న నేను మందుల షాపుకెళ్లినప్పుడు ఒక్కతే తోయబోయింది సారూ. కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక తెలివి రాగానే, ఇవాళ ఏ వారం అని అడిగింది. మంగళవారం అన్నా. రేపు సుద్దబ్బాయి వస్తాడు, బండి జరపనే లేదు అని ఏడ్చింది. నొప్పికి ఏడవలేదు సారూ, దీనికి ఏడ్చింది." గేటు తీసుకుని బయటికొచ్చాడు. "నాలుగు నెలల్నుంచి ఒక్కతే పోరాడుతోంది. ఎవరితోనో అనుకుంటోంది. నాతోనేనని తెలీదు."

సుద్దముక్క సంచిలోంచి పసుపు కాగితం తీయాలి. సంచి తెరవలేదు.

"కాస్త అటు తిరగండి సారూ."

తిరిగాడు. అయితే ఎదురింటి కిటికీ అద్దంలో అంతా కనిపిస్తూనే ఉంది. పొడుగాటి మనిషైన పెద్దాయన కారు తలుపు తీసి లోపలికి దూరబోయాడు. మోకాళ్లు పట్టలేదు. చెయ్యి సీటు కింది మీట దాకా వెళ్లి ఆగిపోయింది. సీటు జరపకుండానే బయట నిలబడి, నడుం విరిగేలా వంగి హ్యాండ్ బ్రేకు దించాడు. వెనక్కి వెళ్లి తోశాడు. కదల్లేదు. నుదురు డిక్కీకి ఆనించి, భుజాలు అదిరిపోయేలా ఏడ్చి, మళ్లీ తోశాడు. బండి మూలిగి జానెడు జరిగింది. బ్రేకు వేసి వచ్చాడు.

"ఇప్పుడు చూడండి."

సుద్దముక్క చూశాడు. "వాడుకలో ఉంది" అని రాశాడు.

"ఇక ఫిర్యాదు రాదు సారూ."

"అయితే నాకూ ఇటు పనుండదు." సుద్ద జేబులో వేసుకోబోయాడు.

"కొత్త గీత గీసి వెళ్లండి."

"ఫిర్యాదు లేకుండా గీతెందుకండీ?"

"సాయంత్రం ఆస్పత్రికెళ్తే అడుగుతుంది. గీత ఉందంటే ఎలాగైనా లేవాలనుకుంటుంది. లేదని చెప్తే ఇంకెందుకు లేస్తుంది, నా మొహం చూడ్డానికా?"

సుద్దముక్క మోకాళ్ల మీద కూర్చుని టైరు మీద నుంచి రోడ్డు మీదికి గీత గీశాడు. గీత వంకర పోయింది. తుడిచి మళ్లీ గీశాడు. పక్కన తేదీ వేశాడు. వచ్చే బుధవారం ఎన్నింటికి వస్తారని పెద్దాయన అడిగాడు. పదిన్నరకి వస్తానన్నాడు.