చివరి చరణం ముందు ఊపిరి

జీవితమంతా రంపం పక్కన నిలబడిన మనిషికి పాముచెవులాయన అని పేరు రావడం ఎక్కడైనా ఉంటుందా? ఆయనకి వచ్చింది. పగలంతా సామిల్లులో దుంగలు కోయించడం, సాయంత్రం ఇంటికొచ్చి నెత్తిమీద రంపపు పొట్టు దులుపుకుని రికార్డ్ ప్లేయర్ ముందు కూర్చోవడం, ఇదీ ఆయన బతుకు. రికార్డులంటే ఎవరివి పడితే వాళ్లవి కావు. ఒకే ఒక్క గాయనివి. ఆవిడ పోయి చాలాకాలమైంది. అభిమానులంతా అమ్మగారనే అంటారు. ఆవిడ ఆల్బము ఒక్కటే. దాన్ని కంపెనీవాళ్లు ఎన్నిసార్లు మళ్లీ వేస్తే అన్నిసార్లూ కొన్నాడు. అట్ట మారితే కొన్నాడు, రికార్డు మధ్యలో అంటించిన కాగితం రంగు మారితే కొన్నాడు.

"అన్నిట్లోనూ అవే పాటలు కదండీ" అని పెళ్లయిన కొత్తలో భార్య ఒక్కసారి నోరుజారింది. ఆ పూటంతా ఆయన పాఠం చెప్పాడు. ఆవిడ మళ్లీ ఆ తప్పు చేయలేదు.

కొత్త రికార్డు ఇంటికొచ్చిందంటే పరీక్ష మొదలయ్యేది. ఫ్యాను ఆగాలి. ఫ్రిజ్ స్విచ్ కట్టెయ్యాలి, పాలు విరిగితే విరిగాయి. వంటింట్లో గరిటె చప్పుడు కాకూడదు. పాత బనీను గుడ్డతో రికార్డు తుడిచి, ముల్లు దించి, కళ్లు మూసుకునేవాడు. ఆయన వెతికేది ఒక్కటే. ఆఖరి పాటలో చివరి చరణం ఎత్తుకునే ముందు అమ్మగారు చిన్నగా ఊపిరి తీసుకుంటారు. ఏడుపు ఆపుకునే మనిషి తీసుకునే ఊపిరి అది. మొట్టమొదటి ప్రెస్సింగులో, అంటే మొదటి విడత అచ్చులో, అది ఉంది. తర్వాత వచ్చిన వాటిలో ఒకదాన్ని మించి ఒకటి దాన్ని మింగేశాయని ఆయన తీర్పు. కొత్తవి కొని మెచ్చుకునేవాళ్లని చూసి నవ్వేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, వాళ్లతో ఏం మాట్లాడతాం అనేవాడు. అయ్యో, ఎంత తేలిగ్గా అనేవాడో ఆ మాట!

ఇంట్లో కెటిల్ ఈల వేసి వేసి నీళ్లన్నీ ఇగిరిపోయినా ఆయన కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఫోన్ పక్కనే మోగుతున్నా అంతే. పాటలో పడితే ఈయనకి లోకం అక్కర్లేదని భార్య నవ్వి ఊరుకునేది. సామిల్లులో పనివాళ్లు కూడా యజమాని ఏదో రాగంలో ఉన్నాడనుకుని భుజం తట్టి పిలవడం అలవాటు చేసుకున్నారు.

ఆయనని దేవుడనుకునే మనిషి ఇంకొకడున్నాడు. భార్య తమ్ముడు. రికార్డుల షాపు నడుపుకునేవాడు. కుర్రతనంలో బావ పక్కన నేలమీద కూర్చుని ఆ ఊపిరి విన్నాకే ఈ పిచ్చి పట్టింది వాడికి. షాపుకి ఎవరొచ్చినా మా బావ చెవి ముందు ఏ మిషనూ పనికిరాదని చెప్పేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇక్కడ వినేవాడే చెప్పేవాణ్ణి ఆకాశానికెత్తాడు.

ఒకరోజు బావమరిది ఒగర్చుకుంటూ వచ్చాడు. అమ్మగారి ఆల్బము అసలు టేపు కంపెనీ గోడౌన్లో దొరికింది. దాన్ని మళ్లీ వేసే హక్కు వీడు తీసుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి అందులో పెట్టేశాడు, షాపుతో సహా.

"మీరు సరేనంటేనే అచ్చుకిస్తాను బావా" అన్నాడు.

ఆ మాటకి పాముచెవులాయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ల తపస్సు ఫలించిందనుకున్నాడు, పాపం.

మొదటి నమూనా రికార్డు వచ్చింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. ముగ్గురూ కూర్చున్నారు. పాట అయిపోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపిరి లేదన్నాడు. పైన పల్చటి గుడ్డ కప్పినట్టుంది, ఆవిడ గొంతులో మెరుపంతా పోయిందన్నాడు. బావమరిది ఏదో అనబోయి ఆగాడు. రికార్డు గాడి కోసే ఇంజనీరు దగ్గరికి పరుగెత్తాడు. ఆ ఇంజనీరు పెద్దాయన, ఓపిక గలవాడు. పై స్వరాలు కొంచెం పెంచి రెండో నమూనా పంపించాడు. దీన్నీ కాదన్నాడు ఈయన. ఇంకా పెంచాలన్నాడు. ఇంతకంటే పెంచితే వినలేరయ్యా అని ఇంజనీరు బతిమాలాడట. ఆయనా కోతపనివాడే, నేనూ కోతపనివాడినే, పదును తగ్గితే నాకు తెలీదా అని ఈయన కబురు పంపాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

మూడో నమూనా పెట్టారు. చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం విప్పారింది. వచ్చింది ఊపిరి. సన్నగా, వణుకుతూ, ఎన్నేళ్ల కిందటో విన్నట్టే వచ్చింది. చేతులు జోడించాడు. భార్య మాత్రం కొంగు చివర చెవిలో దోపుకుని కూర్చుంది. చలిగాలికేమో అనుకున్నాడు.

అచ్చయింది. అమ్మకానికి పెట్టారు. వారం తిరక్కుండానే రికార్డులు వెనక్కి రావడం మొదలుపెట్టాయి. చెవిలో సూది గుచ్చినట్టుందన్నారు కొన్నవాళ్లు. అమ్మగారిని ఇలా అరిపించడానికి మీకు చేతులెలా వచ్చాయని ఒక ముసలామె షాపులోనే ఏడ్చిందట. డబ్బు తిరిగిచ్చి ఇచ్చి బావమరిది గల్లా ఖాళీ అయింది. పెట్టెలు పెట్టెలుగా మిగిలిపోయాయి. షాపు చేతులు మారింది. పెట్టెలు పెట్టుకోవడానికి చోటు లేక అక్క ఇంటికి చేర్చాడు.

పాముచెవులాయన మండిపడ్డాడు. లోకమంతా చెవిటిదైపోయిందన్నాడు. మొదటి ప్రెస్సింగుని, దీన్ని పక్కపక్కన పెట్టి తేల్చేస్తానన్నాడు. ఆదివారం పొద్దున్నే భార్యనీ, బావమరిదినీ ఎదురుగా కూర్చోబెట్టాడు. బీరువాలోంచి ప్రాణంలా దాచుకున్న ఆ పాత రికార్డు తీశాడు. అరిగిపోతుందని చాలా ఏళ్లుగా దాన్ని ముట్టుకోనే లేదు.

పాట చివరి చరణానికి చేరింది. ఊపిరి రాలేదు.

ముల్లుకి దుమ్ము పట్టిందన్నాడు. తుడిచి మళ్లీ పెట్టాడు. రాలేదు. ముల్లే మార్చాడు. తీగలు పీకి మళ్లీ బిగించాడు. మళ్లీ రాలేదు. దాచిపెట్టినా పాడైపోయింది చూశారా అన్నాడు.

"ఏం, మాట్లాడరేం? ఊపిరి వినపడిందా మీకు?"

భార్య నెమ్మదిగా అంది. "వచ్చింది కదండీ. ప్రతిసారీ వచ్చింది."

ఆయన ఇంకోసారి పెట్టాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. భార్య ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఆ చోటు రాగానే ఆవిడ గుండె కొద్దిగా పైకి లేచింది, అమ్మగారితో పాటు తనూ గాలి పీల్చుకున్నట్టు. బావమరిది రెప్ప వాల్చాడు. తన చెవికి మాత్రం ఏమీ లేదు. ఇన్నేళ్లూ కొత్త రికార్డులే ఒకదాని వెనక ఒకటి మసకబారుతున్నాయనుకున్నాడు. మసకబారింది ఏదో ఇప్పుడు తెలిసింది.

తను కాదన్న మొదటి నమూనా తీసి పెట్టాడు. అదే చోట ఆవిడ గుండె లేచింది. అదే చోట వాడి రెప్ప వాలింది.

"ఇందులోనూ ఉందా?" అని అడిగాడు.

"ఉంది బావా."

"ఆ రోజే వినపడిందా నీకు?"

"వినపడింది."

"మరి చెప్పలేదేంరా?"

"మీరు లేదన్నారుగా. మీరే లేదంటే ఇక నాకు వినపడింది నా భ్రమేననుకున్నాను. మూడోది చెవులు చీల్చేస్తుంటే కూడా, వినడం నాకే చేతకాలేదనుకున్నాను."

కోపంగా అని ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఈయన వాడి కాళ్లమీదైనా పడేవాడు. వాడు కోపంగా అనలేదు. లేచి చెప్పులు వేసుకుని, గుమ్మంలో తిరిగి ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనపడింది. మాట అందలేదు. ఏమన్నాడని భార్యని అడిగితే, వెళ్లొస్తానన్నాడని చెప్పింది. ఆవిడ ముఖం చూస్తే అది కాదని తెలుస్తూనే ఉంది. ఇంకోసారి అడగడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

వాడు మళ్లీ ఆ ఇంటికి రాలేదు. ఎక్కడో ఎవరి దగ్గరో గుమాస్తాగా చేరాడని తెలిసింది. ఇంట్లో పాటలంటే ఇష్టం లేదని, రేడియో కూడా పెట్టనివ్వడం లేదని వాడి భార్య చెప్పింది.

చెవుల డాక్టరు పరీక్షించి, పోయింది తిరిగిరాదని చెప్పేశాడు. మిషను పెట్టుకుంటే మాటలు బాగా అందుతాయి, సంగీతం మాత్రం రేకు డబ్బాలో మోగినట్టుంటుంది, సర్దుకోవాలన్నాడు. మాటల కోసం పెట్టుకున్నాడు. సంగీతానికి తీసేసేవాడు.

గోడ నిండా ఉన్న రికార్డులన్నీ ఇప్పుడు ఆయనకి ఒక్కలాగే ఉన్నాయి. భార్య ఎప్పుడో పెళ్లయిన కొత్తలో అన్న మాటే నిజమైంది. ఆ ఊపిరి వినపడేది ఒక్కదాంట్లోనే, ఎవరూ భరించలేక వెనక్కిచ్చేసిన దాంట్లో. అవి పెట్టెలు పెట్టెలుగా మంచం కింద, అటక మీద, గుమ్మం పక్కన ఉన్నాయి. చచ్చేదాకా విన్నా తరగవు.

సాయంత్రం ఒకటి తీసి పెట్టేవాడు. భార్య లేచి వంటింట్లోకి వెళ్లి తలుపేసుకునేది. ఆ తలుపు చప్పుడు ఆయనకి వినపడేది కాదు. చివరి చరణం ముందు అమ్మగారు ఊపిరి తీసుకునేవారు. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా ఉన్న రెండు కుర్చీల్లోనూ ఎవరూ ఉండేవారు కాదు.